బీరువాలో కోళ్ళు

హలో… ఆ, నేనే, మీ మరదల్ని. బాగున్నావా అని అడక్కండి బావా, బాగాలేను. రెండు కోళ్ళు పోయాయి.

…పొద్దున. తలుపు తీసేసరికి కాళ్ళు చాపేసి ఉన్నాయి. బతికున్న పుంజుక్కూడా నెత్తిమీద ఎర్ర జుట్టు బొగ్గులా నల్లబడిపోయింది.

…చలికి కాదు! పశువుల డాక్టరు వచ్చి చూశాడు. తడి వల్లేనట. లోపల గోడల మీంచి నీళ్ళు కారుతున్నాయి. వాటి ఊపిరే పైకి పోయి, చల్లబడి, మళ్ళీ వాటి మీదే కురుస్తోంది. బయటికి పోయే దారేది?

…ఆ, ఒక్క సందు కూడా లేదు. అదే కదా మహానుభావా నేను మొత్తుకుంటున్నది! నేనడిగింది కోళ్ళగూడు, మీరు చేసింది బీరువా! జన్మంతా బీరువాలు చేసీ చేసీ… పైగా వార్నీషొకటి! కోళ్ళేమన్నా పెళ్ళిబట్టలా, మడతపెట్టి దాచుకోడానికి?

…ఎండాకాలం సంగతి గుర్తు చెయ్యకండి. పాత రేకు గూట్లో ఒక్క మధ్యాహ్నం ఇరవై ఒకటి పోయాయి. గొయ్యి తవ్వింది నేనే. మిగిలినవి తొమ్మిది. ఎండకీ చలికీ ఆగేది కట్టండి బావా అని అందుకే కదా మీ కాళ్ళావేళ్ళా పడ్డది! ఇప్పుడు ఏడు. సాయంత్రం ఈ ఉత్తరాది కొండల్లో మళ్ళీ మంచు తుఫానట.

…ఏం చెయ్యాలో తెలుసు. పైకప్పు కింద గోడ పొడుగునా జానెడు కోసెయ్యాలి. రెండు వైపులా. జాలీ కొట్టాలి.

…ఏమన్నారు? మళ్ళీ అనండి… చెక్క పాడవుతుందా! మీ పనితనం మండ!

…అక్కా, నువ్వు మధ్యలో రాకే. ఆయనకివ్వు.

…ఏం ముంగిస?… ఆ, పోయిన చలికాలం. వేలెడు సందులోంచి దూరి నా నల్లపెట్టని… 'వేలు దూరే సందు కూడా ఉంచొద్దు' అని నేనన్నానా?

…

…అన్నాను. ఏడుస్తూ అన్నాను. అయితే? నాకు బుద్ధి లేదు, సరే. మీకూ లేకపోతే ఎలా?

…రేపొస్తారా? రేపటికి ఎన్ని మిగులుతాయి? రంపం చేతిలోనే ఉంది. ఫోను స్పీకర్లో పెట్టా.

…అరవకండి. వంకరగానే కోస్తా. వినపడుతోందా? మీ నున్నటి గోడే!

…ఉండండి… ఊడింది. అబ్బ, ఏం కంపు! కళ్ళు మండిపోతున్నాయి… ఆవిరి బావా. ఉడుకుతున్న గిన్నె మూత తీసినట్టు. ఇందులోనా అవి రాత్రంతా…

…ఉన్నాయి, ఏడూ ఉన్నాయి. పుంజు నన్ను చూసి ఒకటే అరుపు. అరవనీ.

…ఇప్పుడే బయల్దేరతారా? జాలీ మర్చిపోకండి. చీకటి పడేలోపు రావాలి.

…నన్నెందుకు క్షమించమంటారు? వచ్చి వాటినడగండి. నేనూ వాటినే అడగాలి.

…ఇక పెట్టెయ్యండి. రెండో గోడ ఉంది.