టీచరమ్మ ముక్కు

గోపన్‌పల్లిలో అపార్ట్‌మెంట్ల నడుమ ఇంకా మిగిలి ఉన్న రేకుల షెడ్డు అది. కంచు విగ్రహాలు పోసే వీరేశం, మైనంతో చేసిన ఒక తల ముందు దిగాలుగా కూర్చున్నాడు. చాయ్ తెచ్చిన భార్య నీలమ్మ, గ్లాసు అందించడం మరిచిపోయి ఆ తలనే చూస్తోంది.

“గీమె ఎవరయ్యా?”

“ఎవరేంది? రత్నమ్మ టీచర్. ఫోటో గోడకే ఉన్నది గదా.”

“ఫోటో ఉన్నది. ఫోటోల ఉన్నామె ఈడ లేదు.”

“చాయ్ ఇస్తవా, ఇయ్యవా?”

“ఆగు. ఆమె ముక్కు సన్నగ, కొసకు వంగి ఉన్నది. దీనికేమో... అయ్యో, ఈ ముక్కు నాది!”

“నీదెట్లయితది? మైనంది.”

“బుగ్గలు గూడ నావే! ఓ అయ్యా, గదవ కింద గీ మడత గూడ పెట్టినవా? సిగ్గు లేదా?”

“నేను పెట్టలే. వచ్చింది.”

“వచ్చుడేంది?”

“శానసార్లు చెరిపిన నీలమ్మా. ఫోటో సూసుకుంటనే చేస్త. సగమయినంక చేతులు వాటంతట అవే పోతయ్. మనిషి మొఖం జేసుడు నాకిదే మొదలాయె.”

“ఈ బొమ్మ జెయ్యమన్నోళ్లు ఎప్పుడొస్తరు?”

“నల్లగండ్ల దాటిన్రట. కళ్యాణి మేడం ఫోన్ జేసింది. ‘మా లెక్కల టీచర్‌ని చూడగానే మాకు భయమెయ్యాలండీ’ అన్నది.”

“నన్ను జూస్తే ఎవలు భయపడతరు?”

“నేను పడత.”

“సాలు తియ్.”

“నవ్వకు. వాళ్లు సరే అంటేనే దీనికి మన్ను పెట్టాలె. కాల్చినంక మైనం కారిపోతది, ఆ సందుల కంచు పోస్తం, ఇగ ఆ మొఖం మారదు. కాదన్నరనుకో, పని ఇంకోనికి పోతది. గుళ్ల పని ముందే తగ్గింది. ఇది గూడ పోతే షెడ్డు మూసుడే.”

“గిదా నీ ఫికరు? ఆ స్టూల్ ఇటు జరుపు. నీ ముంగట కూసుంట, నన్ను సూడు.”

“నిన్నెందుకు?”

“నాదేదో తెలిస్తెనే గదా తీసేస్తవ్. నన్ను సూసుకుంట, నాదేది కనిపిస్తే అది కోసెయ్యి. కత్తి కాల్చు, సోంచాయిస్తవేంది?”

“కదలకు మరి. ముక్కు... ఇగో, పక్కలు తీసిన.”

“సన్నగైంది! ఇప్పుడు బుగ్గ.”

“ఇటు తిరుగు. జర ఎలుగుకు. నీకు ఈడ సొట్ట ఎప్పటినుంచి ఉన్నదే?”

“పుట్టినప్పటినుంచి. ఇయ్యాల కనిపించిందా? బొమ్మకు గూడ పెట్టినవ్, సూస్కో.”

“అరె, ఔ!”

“సదును జెయ్యి. టీచరమ్మకు సొట్టేంది.”

“పెదాలు బిగించాలె. తప్పు లెక్క జూసినట్టు.”

“అమ్మో, వచ్చిందయ్యా! గుడ్లురిమి నన్నే సూస్తుంది.”

“కారు ఆగింది. లే, లే.”

కళ్యాణి, ఆమెతో చదువుకున్న చైతన్య లోపలికి వచ్చారు. ఇద్దరి మెడల్లోనూ ఆఫీసు కార్డులు.

“అమ్మో! చైతన్యా, జేబులోంచి చేతులు తియ్యి.”

“తీశానే బాబూ. ఎక్కాలు అడుగుతుందేమో అనిపిస్తోంది.”

“మన్ను పెట్టెయ్యండి వీరేశంగారూ. దండం పెడతాను, ఇంకేం మార్చొద్దు.”

వాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

“బతికిచ్చినవ్ నీలమ్మా.”

“మరి మొఖం గట్ల పెట్టినవేంది?”

“ఏం లేదు. నిన్ను కోసి కోసి కింద పారేసినట్టున్నది.”

“అబ్బో! ఇన్నేండ్లు కన్నెత్తి సూడనోడు ఇయ్యాల ముచ్చట్లు జెప్తుండు. నీ మీద బోరబండ అమ్మవారికి ఎన్ని ఫిర్యాదులు జేసిన్నో ఎర్కేనా? ప్రతి శుక్రవారం గదే మొక్కు. మా ఆయన కంచును సూస్తడు, కొలిమిని సూస్తడు, నా మొఖం ఒక్కసారి సూడడు తల్లీ, అని.”

“బోరబండల... నేను పోసిన అమ్మకా?”

“ఆమెకే. నువ్వు జేసినామెకు జెప్తెనే నీ సంగతి సమజైతదని.”

“కండ్లు మూస్కొని మొక్కుతవ్ గదా?”

“మరి? తెరుచుకొని ఎవలన్న మొక్కుతరా?”

“ఈ శుక్రవారం తెరిచి మొక్కు నీలమ్మా. ఆ ముక్కు ఎవరిదో సూడు.”