తగలని తన్ను

చిక్కడపల్లిలో ఓ మేడ మీద నాటకం రిహార్సల్. ఫైట్లు నేర్పే ఆమె హీరో బదులు తనే చాప మీద పడుకుంది. విలన్ వేషం వేస్తున్న బ్యాంకు ఆఫీసరుగారు పళ్లు నూరి, కాలెత్తి, ఒక్క తన్ను తన్నారు. ఆ వెంటనే వంగి, ఆమె భుజం తాకి, భక్తిగా కళ్లకద్దుకున్నారు.

“సార్! మళ్ల కళ్లకద్దుకున్నరు!”

“కాలు తగిలిందేమోనండీ.”

“ఏడ తగిలింది? జానెడు దూరం నుంచి పోయింది. తగలకుండ తన్నుడే కదా నేను నేర్పిస్తున్న!”

“మీరు అంతలా మూలిగారు కదండీ. నా ప్రాణం విలవిల్లాడిపోయింది.”

“మూలుగుడు నా పని సార్. ఎల్లుండి నారాయణగూడల నాటకం. హీరోను తన్నినోడే దండం పెడితే జనం నవ్వరా?”

“నవ్వుతారండీ. కానీ చెయ్యి దానంతటదే వెళ్లిపోతోంది. మా నాయనమ్మ చేసిన అలవాటు.”

“ఆ నాయనమ్మను జర స్టేజీ దిగేదాంక మర్చిపోండ్రి. జరగుండ్రి, నేను తన్ని చూపిస్త.”

ఆమె విసురుగా లేచింది. ఆ విసురులో పక్కనున్న చెక్క కత్తికి కాలు తగిలింది. చటుక్కున వంగి, కత్తిని తాకి, కళ్లకద్దుకుంది. అప్పుడు గానీ తనేం చేసిందో తెలియలేదు. తల కొట్టేసినట్టయింది.

“అదసలు మూలగను కూడా లేదండీ,” అన్నారాయన మెల్లగా.

“చాలు సార్. తన్నుడు తీసేద్దాం. పిడికిలితోని గుద్దుతరా?”

“ఎన్నైనా గుద్దుతానండీ. చేతికేం దోషం లేదు కదా!”