జపాన్ హోటల్ దేవరాజ్

చారు గిన్నె ఎత్తుకొని తాగితే నీ ఆఫీసోళ్లు నవ్విన్రా నందినీ? నవ్వనియ్యి బిడ్డా. మన ఇంట్ల అందరికి ఆ అలవాటు జపాన్ హోటల్ దేవరాజ్ నుంచే వచ్చింది. నువ్వప్పుడు మీ అమ్మ సంకల ఉన్నవ్, నీకేం యాదికుంటది. కూసో, చెప్త.

దేవరాజ్‌ది మొగుడంపల్లి. చర్చికి పోయేటోళ్లు. ఇక్కడ ఏదో కంపెనీల మిషన్లు బిగించనీకి జపానోళ్లు వస్తే, ఆళ్ల గెస్ట్‌హౌజ్‌ల వంటకు కుదిరిండు. మన కూరలు తిని ఆళ్ల కండ్లల్ల నీళ్లు కారుతుంటే, ఆళ్లే పొయ్యి కాడ నిలబడి ఆళ్ల వంట నేర్పిన్రట. పనైనంక ఆళ్లు వాపస్ పోయిన్రు, ఈయనకు వంట మిగిలింది. చిరాగ్‌పల్లి పోయే రోడ్డు మీద రెండు రేకుల రూములు కిరాయికి తీసుకొని హోటల్ పెట్టిండు. బోర్డు మీద ఏం పేరు రాయించిండో గని, అందరు జపాన్ హోటలే అన్నరు. లారీ డ్రైవర్లు, ఇయ్యాల కప్పలా పాములా దేవరాజ్, అని ఎక్కిరిచ్చేటోళ్లు. ముందు తిను అన్నా, పేరు తర్వాత అడుగు, అనేటోడు ఈయన. కోడి బొక్కలు పొద్దటి సంది మరగబెట్టిన చారు, అండ్ల పొడుగు సేమియా లెక్క నూడుల్స్, మీద సగం కోసిన గుడ్డు. మనోళ్ల నాలుకకు సప్పగుంటదని ఎర్రకారం నూనె పక్కన పెట్టేటోడు. మీ నాయిన మహిధర్‌కు ఆ చారంటే పానం. ఆయితారం వచ్చిందంటే ఇంటిల్లిపాది ఆటో ఎక్కి ఆడికే.

మీ తాత, అదే మా సదాశివన్న, ఆయన గూడ వచ్చేటోడు. వచ్చి ఆటోలనే కూసునేటోడు, నాకు ఆకలి లేదనుకుంట. అప్పటికే పక్షవాతమొచ్చి కుడి చెయ్యి పడిపోయింది. పది మంది పంచాయితీలు తెంపిన మనిషి, ఎడమ చేత్తోని బుక్క పెట్టుకునేది ఎవ్వరు సూడొద్దని ఇంట్ల ఎనక రూమ్‌ల తలుపేసుకొని తినేటోడు. పెండ్లిళ్లకు పోవుడు బంద్. మీ అమ్మ సుమిత్ర కోడలాయె, ఏమంటది? హోటల్ నుంచి పార్సిల్ తెచ్చి, సప్పుడు చెయ్యకుండ ఎనక రూమ్‌ల పెట్టి వచ్చేది.

గప్పుడే మీ నాగరాణి అత్తకు రాయికోడ్ సంబంధం కుదిరింది. ఖాయం చేసుకునే దినం ఇద్దరు వియ్యంకులు పక్కపక్కన కూసొని తినాలె గద. మీ తాత నేను కూసోనంటే కూసోనన్నడు. పిలగాని తండ్రి చంద్రశేఖరేమో మస్తు పట్టింపు మనిషి. పిల్ల తండ్రి పక్కన కూసోకపోతే మమ్ముల తక్కువ జేసినట్టే, సంబంధం వద్దు, అని ముందే కబురు పంపిండు. మీ నాయిన బతిమాలిండు, నేను తిట్టిన, మీ తాత కదలలే. నాగరాణి ఏడ్వని పొద్దు లేదు. పిలగాడు అంత నచ్చిండు మరి దానికి.

మీ అమ్మ గట్టిగ మాట్లాడే మనిషి కాదు, నీకెర్కే. ఒక్కతే ఆటో మాట్లాడుకొని దేవరాజ్ కాడికి పోయింది. మీ హోటల్ల అందరు గిన్నె ఎడమ చేత్తోనే పట్టుకుంటరు గద అన్నా, మా మామ గూడ పట్టుకోవచ్చా, అని అడిగిందట. గంతే. దేవరాజ్ గంటె పక్కకు పెట్టి, 'తోలుకరా చెల్లె, నేను సూసుకుంట' అన్నడట.

ఆ దినం రెండు దిక్కులోళ్లం ఆడికే పోయినం. దేవరాజ్ తనే ఆటో కాడికొచ్చి మీ తాతను దింపి, వియ్యంకుని పక్కన కూసోబెట్టిండు. ఇంట్ల కూసోబెట్టి అన్నం పెట్టక రేకుల హోటల్ల పెడుతరా అని చంద్రశేఖర్ గొణిగిండు. ఏంది? స్పూన్లా? ఉండె, దేవరాజ్ అన్ని దాచిండు. జపానోళ్లు తినే రెండు పుల్లలిచ్చిండు, అవి ఎవ్వరికి పట్టుకోరాలే. అప్పుడు అందరి ముంగట నిలబడి చెప్పిండు: 'పటేలా, జపానోళ్ల మర్యాద ఇది. గిన్నె ఎడమ చేతిలకు తీసుకోవాలె, మూతి కాడికి ఎత్తాలె, సప్పుడొచ్చేటట్టు జుర్రాలె. సప్పుడు రాకుంటే వండినోనికి నామోషి.' ముందు తనే తాగి సూపించిండు. మీ తాత కోసం కల్పించింది గాదు బిడ్డా, ఆళ్లు నిజంగనే గట్ల తింటరట.

చంద్రశేఖర్ ఎత్తిండు. నూడుల్స్ మీసాలకు యాలాడినయ్, చారు తెల్లంగి మీద కారింది. ఆయన భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. మీ తాత ఆయన దిక్కు సూసి సూసి, తనూ గిన్నె పట్టిండు. చారు ఒలికి ధోతి తడిసింది. ఎవ్వరు సూడలే, ఎవరి తిప్పలు వాళ్లయి. గిన్నె అడుగు కనవడ్డంక చంద్రశేఖర్, 'బావా, ఇంకోటి తాగుదమా' అన్నడు. మీ అమ్మ వంటింటి తలుపు కాడికి పోయి దేవరాజ్‌కు దండం పెట్టింది. నాగరాణి పెండ్లి గట్లయింది. ఆయన పుణ్యమే.

అటెన్క మీ తాత ఆటోల కూసున్నది లేదు. నువ్వు బడికి పోవుడు షురూ జేసిన యేడు దేవరాజ్ గుండె ఆగి పోయిండు, హోటల్ గూడ మూతవడ్డది. మొగుడంపల్లిల ఆయన పేరు మీద అన్నాలు పెడితే పోయినం. టెంట్ కింద జనం వరుసగ బంతుల కూసున్నరు. ఆయన భార్య గ్లోరీకి మీ తాత సంగతి ఎర్కనే, లోపల కుర్చీ ఏసి తలుపు దగ్గరికేస్త పటేలా, రాండ్రి, అన్నది. మీ తాత వద్దన్నడు. పోయి అందరి నడుమ బంతిల కూసున్నడు. గిన్నె గాదు, ఇస్తరాకు. అన్నం, పప్పు. ఊరోళ్లంత సూస్తుంటే ఎడమ చేత్తోనే కలుపుకొని తిన్నడు. మెతుకులు అంగి మీద పడ్డయ్, దులుపుకోలే. గ్లోరీ పప్పు పట్టుకొని వస్తే, 'జర ఇంకింత పెట్టు బిడ్డా' అన్నడు.

మీ అమ్మ పక్కనే కూసున్నది, మామ దిక్కే సూసుకుంట, ఆమె ఇస్తరాకుల అన్నం అట్లనే...

ఆ ఫ్యాన్ జర పెంచు నందినీ. ఉక్కపోస్తుంది.