నలభై న్యూట్రినోల బొట్టు

కంటికి కనబడని న్యూట్రినో కణాలను పట్టే పెద్ద యంత్రానికి రేణిగుంటలోని తన చిన్న షెడ్డులో చవగ్గా నమూనాగా ఒక సర్క్యూట్ బోర్డు చేసిచ్చింది తాయమ్మ. వెయ్యి బోర్డుల ఆర్డరు చెబుతాడనుకున్న సైంటిస్టు, ఉన్న ఒక్క బోర్డునీ వెనక్కి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, ఇది ఒక్కరోజులో నలభై న్యూట్రినోలను చూపించింది."

"మంచిదే గదా సార్."

"మేమూ అలాగే అనుకుని లడ్లు పంచుకున్నాం. తర్వాత విప్పి చూస్తే పిన్నుల మధ్య తడి కుంకుమ. కరెంటు అందులోంచి పారడంతో, లేని కణాలను బోర్డు లెక్కపెట్టింది."

తాయమ్మ గొంతు తగ్గింది. "ఆయుధపూజ నాడు పెట్టినాను సార్. బొట్టు పెట్టకుండా కొత్త సామాను గడప దాటనియ్యం."

"ఇకమీదట పెట్టనంటేనే ఆర్డరు."

"పెట్టను సార్. అయినా, నిజమైనవి ఇంతవరకు ఎన్ని వచ్చినాయి?"

"మూడేళ్లయింది. ఒక్కటీ రాలేదు."

తాయమ్మకు జాలేసింది. "అట్లయితే బోర్డుకొద్దు సార్. దాన్ని బిగించే ఇనప డబ్బాకి పైన పెడతాను, లోపలికి తగలదు."

సైంటిస్టు ఆర్డరు కాగితం ఆమె ముందుకు జరిపాడు.

"కొంచెం పెద్దదే పెట్టండమ్మా."