రేకుల గది వెనక గోడ

మాదాపూర్ గుట్టల్లో కొత్త బిల్డింగు లేస్తోంది. ఇంజినీరు కోసం రేపు లారీలో రానున్న రెడీమేడ్ రేకుల గదికి కూలికొచ్చిన ఆలుమగలిద్దరు నేల చదును చేస్తున్నారు. ఆమె ఉన్నట్టుండి పార ఆపి మొగుణ్ణి అడిగింది.

"గదికి ఎనక గోడ ఎటు దిక్కు వస్తది?"

"నీకెందుకే? వాస్తు చూస్తున్నవా?"

"జర చెప్పరాదు."

"తూర్పుకు తలుపు, పడమటికి ఎనక గోడ. ఆ గోడకే ఏసీ పెడ్తరంట."

"అయితే మన గుడిసె గూడ పడమటి దిక్కే ఏసుకుందం."

"సారు పక్కనుంటే నీకు ఇంగ్లీషు వస్తదా ఏంది?"

"ఇంగ్లీషు గాదయ్యా, నీళ్లు! ఏసీ ఎనక నుంచి బొట్లు బొట్లు కారుతయి. పక్క బిల్డింగు కాడ నా కండ్లతోని చూసిన. కింద బకెట్ పెడ్తే ట్యాంకర్ కాడ కొట్లాట తప్పుతది."

అతను పార మీద గడ్డం ఆనించి పకపకా నవ్వాడు.

"పిచ్చిదానా! ఆడికెల్లి పొయ్యి లెక్క వేడిగాలి గూడ కొడ్తది, ఎరుకేనా?"

"ఎరుకే. అందుకే దండెం గూడ ఆడనే కడ్త. బట్టలు జల్ది ఆరుతయి. గుంజలు మాత్రం నువ్వే పాతాలె."