మురుగు గుంటకు ఇండుప గింజ

మా వీధిలో సగం ఇళ్ల అంట్ల నీళ్లూ, స్నానాల నీళ్లూ అన్నీ కాలవలో పడి వచ్చి మా పెరటి గుంటలో చేరేవి. అక్కడ పుట్టినవి మామూలు దోమలు కావు. ఒకటి దోమతెర ఎత్తి పట్టుకుంటే ఒకటి లోపలికి దూరేది, వంతులేసుకుని కుట్టేవి. ఎనభై ఆరులోనో ఏడులోనో పంచాయతీ వాళ్లు ఆ మురుగు శుభ్రం చెయ్యడానికి కంకరా, ఇసకా, బొగ్గూ పరిచి పెద్ద ఇంకుడు గుంట కడతామన్నారు. మా పెరట్లోనైనా సరే, పక్కనున్న బ్రహ్మయ్య ఖాళీ దొడ్లోనైనా సరే, కాకపోతే బ్రహ్మయ్య ఒప్పుకోవాలన్నాడు ప్రెసిడెంటు జగన్నాథరావు. ఎలాగైనా దాన్ని బ్రహ్మయ్యకు అంటగట్టాలని ఇద్దర్నీ మా అరుగు మీద కూర్చోబెట్టి, టీలో పంచదార దండిగా వేసి ఇచ్చి అందుకున్నాను.

"మురుగని అసహ్యపడకు నాయనా. కాలవ నీళ్లు బిందెలో పోసి ఇండుప గింజ అరగదీస్తే మడ్డంతా అడుక్కి దిగి తేరుకుంటాయా లేదా? మొన్న వేసవిలో ఆ గింజే ఒకటి గుంట గట్టు మీది రాయికి అరగదీసి ఆ గంధం నీళ్లలో కలిపాను. తెల్లారి చూద్దును కదా, అడుగున పడున్న స్టీలు గ్లాసు కనిపించింది."

గ్లాసొక్కటేనా పిన్నిగారూ అని ఎదురింటి సీతాలక్ష్మి వంకాయలు తరుగుతూ అడిగింది. ఎవరో ఒకరు అలా అడగాలనే నేనూ చూస్తున్నాను.

"ఒక్కటేంటే, దాని మీద చెక్కిన మీ అత్తగారి పేరు కూడా చదివాను, కళ్లజోడు లేకుండా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బాపట్ల వ్యవసాయ కాలేజీ నుంచి సార్లు సీసాలేసుకుని వచ్చి పట్టుకెళ్లారు. ఎండిపోయిన వరి మొక్క మీద చుక్క వేస్తే అది లేచి నిలబడి, పొట్టకొచ్చి, వెన్ను తీసి, ఇక కోసుకోండని తల వంచిందట. ఈ కబురు నిజాంపట్నం చేపలకు ఎవరు మోశారో గాని, ఉప్పు నీళ్లు విసుగెత్తి కాలవ వెంట ఎదురెక్కి వచ్చేశాయి. నాగులనే పడవాయన వచ్చి, మా చేపల్ని మాకు పంపించండి పెద్దమ్మా అని చేతులు జోడించాడు. వాటిని బుజ్జగించి పంపేసరికి నా తాతలు దిగొచ్చారు."

మురుక్కాలవలో సముద్రం చేపలా అని ప్రెసిడెంటు మెల్లిగా గొణిగాడు. నేను ఆగితే కదా.

"అదేం వింత బాబూ. రేపల్లె పాసింజరు మన గేటు దగ్గర ఆగిపోతే, డ్రైవరు మా గుంట నీళ్లే ఇంజన్లో పోయించుకున్నాడు. కూత ఇంకా ఇక్కడే వినబడుతోంది, బండి మాత్రం తెనాలిలో ఉంది. అంత పెందలాడే వచ్చేసరికి, నిన్న రావాల్సిన బండి అనుకుని స్టేషన్ మాస్టరు ఆలస్యానికి చీవాట్లు పెట్టాడు. మోకాళ్ల నొప్పులతో మంచం దిగని మా ముసలి రాజమ్మ ఆ నీళ్లు రాసుకుని చేబ్రోలు దాకా పరిగెత్తి, ఎందుకెళ్లిందో గుర్తురాక మళ్లీ పరిగెత్తుకుంటూ వచ్చింది. ఈ వయసులో నాకెందుకు నాయనా ఇంత వైభవం? నీ దొడ్లో పెట్టుకో."

బ్రహ్మయ్య టీ ఆఖరి గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, ప్రెసిడెంటు వైపు తిరిగాడు.

"ఇందులో నీళ్ల గొప్పేం లేదండి. గింజ అరగదీసిన మామ్మగారి చేతిది గొప్ప. నా దొడ్లో పడితే ఉత్త మురుగేనండి. గుంట ఆవిడ పెరట్లోనే కట్టించండి, మా ఇంటి కాలవ కూడా అటే తిప్పుకుంటాను."

తమ కాలవ కూడా కాస్త అటు తిప్పించమంది సీతాలక్ష్మి, వంకాయల్లోంచి తల ఎత్తకుండానే. జగన్నాథరావు అప్పటికే లేచి, కొలతలు చూసుకోవడానికి మా పెరటి వైపు నడుస్తున్నాడు.

"అవి ఉత్త మురుగు నీళ్లే నాయనా, ముక్కు మూసుకోవాలి" అన్నాను. ఆ పూట నేను చెప్పిన నిజం అదొక్కటే.

"అబ్బే, అంత అబద్ధం మేం నమ్మమండి" అన్నాడు బ్రహ్మయ్య.