నట్టు మీద ఎర్ర గీత

అధ్యక్షులు, మన అంబులెన్స్ షెడ్డు ఇన్‌చార్జి చందూలాల్ గారికి, టేకులపల్లి నుంచి ఎండనపడి వచ్చిన పెద్దలకు, వెనక వరుసలో అప్పుడే గుసగుసలు మొదలుపెట్టిన డ్రైవరన్నలకు నమస్కారం. మైకు దొరికితే ఈ కోటేష్ కరపత్రం చదువుతాడని మీ భయం, ఇవాళ చదవను. (నవ్వులు)

ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మా మేస్త్రీ ఆదినారాయణ గారు నాకు మొదట నేర్పింది టర్బో పని. ఇంజిన్ వదిలే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం గాలిని దట్టించి మళ్లీ ఇంజిన్‌లోకే పంపుతుంది. గాలి ఒత్తిడి హద్దు మీరితే ఒక రాడ్డు కదిలి చిన్న తలుపు తెరుస్తుంది, మిగులు పొగ పక్కనుంచి వెళ్లిపోతుంది. ఆ రాడ్డు ఎప్పుడు కదలాలో చేతిపంపుతో గాలి కొట్టి చూసి, నట్టు బిగించి, దాని మీద గోళ్ల రంగుతో ఎర్ర గీత గీసేవారు. గీత చెదరలేదంటే మరో చెయ్యి పడలేదని లెక్క.

నాకేమో అడవి ఊళ్లకు దవాఖానా దూరమైనందుకు కోపం. మన అంబులెన్సు ఎత్తులు మెల్లగా ఎక్కడం కూడా అన్యాయమే అనిపించి, పోయిన ఏడాది ఎవరికీ చెప్పకుండా ఆ నట్టును రెండు చుట్లు బిగించాను. తలుపు ఆలస్యంగా తెరుచుకుంటే బండి బాగా లాగుతుంది కదా! పైన అలాంటి గీతే మళ్లీ గీశాను.

మూడో రోజు మధ్యాహ్నం టేకులపల్లి రామక్కను కాన్పుకు భద్రాచలం తీసుకెళ్తున్నాం, బండి ఎలా లాగుతుందో చూద్దామని నేనూ ఎక్కాను. అడవిలో ఎత్తు మీద బండి ఈల వేస్తూ ఎన్నడూ లేనంతగా లాగి, ఆ ఒత్తిడికి ఇంజిన్ మూత కింద ఉండే హెడ్ గాస్కెట్ పోయి ఆగిపోయింది. ఇంజిన్ ఆగాక టర్బో ఈల కొన్ని క్షణాలు ఉంటుంది. అది ఆగలేదు. బండిలోంచి కాదు, రోడ్డుకు అవతల, చెట్ల లోపలి నుంచి, అదే స్వరం. ఆకు కదలలేదు. పిట్ట అరవలేదు. రామక్క అత్త జంపక్క నా మొహంలోకి చూసి, "పిల్లగా, బండి బందయింది గద, మరి గది ఎవరిది?" అని అడిగింది. ఇంకో బండి వచ్చేలోపే బిడ్డ పుట్టింది. ఏడవలేదు. ఆ క్షణానే ఈల ఆగింది.



గీత చెదరలేదు కాబట్టి తప్పు మేస్త్రీదేనని మెమో వచ్చింది. తన చేతి గీత ఆయనకు తెలియదా? నట్టును చూశారు, నన్ను చూశారు, మెమో మీద సంతకం పెట్టారు. ఎందుకని నిన్న అడిగితే, "నీయంతట నువ్వే చెప్పాలె గాని, నేనెట్ల చెప్తరా" అన్నారు.

రామక్కా, మేస్త్రీని మన్నించానని చెప్పడానికి వచ్చావట. మన్నించాల్సిన తప్పు ఆయన చెయ్యలేదు. ఆ చెయ్యి నాది. చందూలాల్ గారూ, నా సంతకంతో రాసిన ఒప్పుకోలు ఇదిగో. శాలువా కప్పేలోపు ఆ మెమో ఆయన పేరు మీద నుంచి తీసెయ్యండి. ఇంతసేపు విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. రామక్కా, నన్ను మన్నించమని అడగను.

సెలవు.